ట్రెజరీ పింఛను, ఆసరా పింఛను: ఏది ఉంటుంది, ఏది పోతుంది

ప్రభుత్వ నౌకరి చేసి దిగిపోయిన వారికి ట్రెజరీ నుంచి వచ్చే పింఛను, ఆసరా వల్ల ఒక్క రూపాయి కూడా తగ్గదు. దెబ్బ తగిలేది రెండోదానికి. ట్రెజరీ పింఛను మొదలైతే ఆసరా తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ విషయంలో వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క తేడా తెలియకపోవడం నుంచే పుడుతుంది. కొందరు ఆసరా తీసుకుంటే అసలు పింఛను కోసేస్తారని భయపడి, తమకు న్యాయంగా రావాల్సినది కూడా అడగరు. ఇంకొందరు రెండూ సర్కారువే కదా, రెండూ వస్తే తప్పేముందని ఏళ్ల తరబడి తీసుకుని, చివరికి నోటీసు చేతికొచ్చాక ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

రెండు పింఛన్ల పుట్టుకే వేరు. ఉద్యోగ విరమణ పింఛను 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల ప్రకారం వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తయారైన ఆ నిబంధనలనే తెలంగాణ కూడా తీసుకుంది. పింఛను సర్కారు దయతో పడేసేది కాదని, అది ఉద్యోగి ఆస్తితో సమానమైన హక్కని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1982 డిసెంబరులో నకారా కేసులో అదే మాటను ఇంకా గట్టిగా నిలబెట్టింది. అప్పులవాళ్లు కోర్టుకెళ్లినా జప్తు చేయించుకోలేని రక్షణ దానికి 1871 నాటి పింఛన్ల చట్టం నుంచే ఉంది. ఆసరా సంగతి అలా కాదు. అది పేదరికాన్ని చూసి ఇచ్చే సాయం. 2014 నవంబరు 5న పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ ఇచ్చిన జీవో 17 దానికి ఆధారం. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆ జీవోలోనే రాశారు. అందుకే ఆసరాకు అర్హత ప్రతిసారీ నిరూపించుకోవాలి, పరిస్థితి మారితే అది పోతుంది కూడా.

ఇవ్వకూడని వారి జాబితా చాలామంది అనుకునే దానికంటే పొడుగు. మూడెకరాలకు మించి తరి, లేదా ఏడున్నర ఎకరాలకు మించి ఖుష్కి ఉన్నవారు. పిల్లలు ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, ప్రైవేటు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నవారు. రైసుమిల్లు, పెట్రోలు బంకు లాంటివి నడిపేవారు. కారు లేదా అంతకన్నా పెద్ద బండి ఉన్నవారు. ఇప్పటికే ప్రభుత్వ పింఛను గానీ స్వాతంత్ర్య సమరయోధుల పింఛను గానీ తీసుకుంటున్నవారు. ఆదాయ పరిమితి ఊళ్లలో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. కోరుట్లలో కొడుకు బడిపంతులైతే తండ్రికి సొంతంగా పైసా ఆదాయం లేకపోయినా ఈ జాబితా అడ్డం వస్తుంది. ఆ పంతులు తండ్రిని చూసుకుంటున్నాడా లేదా అన్నది జీవో అడగదు. ఈ నిబంధనలోని కఠినమైన చోటు ఇదే.

మొత్తాల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 2014లో వృద్ధులకు, వితంతువులకు, నేతన్నలకు, గీతకార్మికులకు నెలకు 1,000 రూపాయలు, దివ్యాంగులకు 1,500తో ఆసరా మొదలైంది. 2015లో బీడీ కార్మికులు, 2017లో ఒంటరి మహిళలు చేరారు. 2019 జూన్ నుంచి అవి 2,016, 3,016 అయ్యాయి. 2023లో దివ్యాంగులది 4,016 అయింది. వృద్ధాప్య పింఛను వయసు 65 నుంచి 57కు దిగింది. నేత, గీత పనివారికి మాత్రం 50 ఏళ్లు చాలు. కేంద్రం ఇందిరాగాంధీ వృద్ధాప్య పింఛను కింద ఇచ్చే వాటా 80 ఏళ్లలోపు వారికి 200, ఆపైన 500 రూపాయలే. మిగతా భారమంతా రాష్ట్రానిది. 2023 ఎన్నికల్లో చేయూత పేరుతో 4,000 హామీ వచ్చింది. మొత్తం ఎంతైనా కానీ, ట్రెజరీ పింఛను ఉన్న చోట ఆసరా ఉండదన్న నియమం దానితో మారేది కాదు.

ఎదురుగా ట్రెజరీ లెక్క పెడితే విషయం తేలిపోతుంది. 2021లో అమలైన వేతన సవరణతో తెలంగాణలో కనీస పింఛను 6,500 నుంచి 9,500 అయింది. దాని మీద కరువు సహాయం వేరు. 70 ఏళ్లు దాటితే 15 శాతం అదనం. దీన్ని వదిలి 2,016 కోసం వెళ్లేవారు ఎవరూ ఉండరు. కనుక రిటైరైన ఉద్యోగి విషయంలో చిక్కు అరుదు. చిక్కంతా ఆ ఉద్యోగి పోయాక మిగిలినవారిది.

కుటుంబ పింఛను మొదలైన రోజు

సిరిసిల్లలో మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మీద, ఆడవాళ్లు బీడీల చాటల ముందు ఉండే ఇళ్లు వీధికి చాలా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో భర్త ఏ బడిలోనో, ఏ ఆఫీసులోనో అటెండరు అనుకుందాం. భార్య బీడీలు చుడుతుంది, పీఎఫ్ ఖాతా ఉంది, బీడీ పింఛను వస్తోంది. ఇంట్లో సర్కారు జీతం ఉండగా ఆ పింఛను రావాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. వస్తున్న ఇళ్లు ఉన్నాయి. భర్త పోతే ఆమెకు కుటుంబ పింఛను మొదలవుతుంది. ఆ క్షణం నుంచి ఆమే స్వయంగా ప్రభుత్వ పింఛను తీసుకునే మనిషి. అంతకుముందు ఇంటి లెక్కలో చూసీచూడనట్టు పోయినది, ఇప్పుడు ఒకే ఆధార్ నంబరు మీద రెండు చోట్ల కనబడుతుంది.

ఇది ఊహ కాదు. 2024 జూలైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఎనభై ఏళ్ల వృద్ధురాలికి, ఆసరా కింద తీసుకున్న సుమారు 1.72 లక్షల రూపాయలు తిరిగి కట్టమని నోటీసు వచ్చింది. ఆరోగ్య శాఖలో పనిచేస్తూ చనిపోయిన కూతురి తాలూకు కుటుంబ పింఛను ఆమెకు వస్తోంది, ఆసరా కూడా వస్తోంది. ట్రెజరీ వివరాలనూ ఆసరా జాబితానూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇలాంటి పేర్లు రాష్ట్రమంతటా బయటపడ్డాయి. విమర్శలు వచ్చాక, మార్గదర్శకాలు ఇచ్చేదాకా రికవరీ నోటీసులు ఆపమని ప్రభుత్వం కలెక్టర్లకు చెప్పింది. ఆ వృద్ధురాలి ట్రెజరీ పింఛను మీద దీని ప్రభావం లేదు. అడిగింది ఆసరా సొమ్మునే. అయినా లక్షన్నర పైచిలుకు అప్పు ఒక్కసారి నెత్తిన పడడం ఆ వయసులో చిన్న సంగతి కాదు. కూతురి పింఛనుకూ, తన వృద్ధాప్య పింఛనుకూ సంబంధం ఉంటుందని ఆమెకు తట్టకపోవడంలో వింత కూడా ఏమీ లేదు.

చిక్కు ముదిరేది మధ్యలో ఉండే నెలల్లో. పింఛను చెల్లింపు ఉత్తర్వులో, అంటే అందరూ పీపీవో అని పిలిచే కాగితంలో, భార్య పేరు ముందే ఉంటే ట్రెజరీలో మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. పని పెద్దగా ఆలస్యం కాదు. ఉద్యోగంలో ఉండగానే చనిపోయినా, భర్త లేదా భార్య కాకుండా తల్లిదండ్రులో, పెళ్లికాని లేక వితంతువైన కూతురో, దివ్యాంగుడైన కొడుకో హక్కుదారులైనా, కాగితాలు శాఖ నుంచి అకౌంటెంట్ జనరల్ కార్యాలయం దాకా వెళ్లి రావాలి. నెలలు పడతాయి. ఈలోపు ఇల్లు గడవక వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటారు, అది మంజూరవుతుంది. తరవాత కుటుంబ పింఛను చనిపోయిన మర్నాటి నుంచి లెక్కకట్టి బకాయిలతో సహా వస్తుంది. అప్పుడు ఆ నెలలన్నిటికీ రెండు చెల్లింపులు ఒకదాని మీద ఒకటి పడతాయి. తీసుకున్నప్పుడు తప్పు లేదు. కాగితం మీద చూస్తే మాత్రం రెండు పింఛన్లు.

కనుక పీపీవోలో పేరున్న భార్య కొత్తగా వితంతు పింఛనుకు వెళ్లకపోవడమే మేలు. కొన్ని వారాల ఇబ్బందికి ఏళ్ల తలనొప్పి కొనుక్కోవడం అవుతుంది. కాగితాలు దూరం వెళ్లాల్సినవారు, నిజంగా గడవని స్థితిలో ఆసరా తీసుకుంటే, దరఖాస్తులోనే కుటుంబ పింఛను ప్రతిపాదన పెండింగులో ఉందని రాయాలి. ఆ ఒక్క వాక్యం రేపు దాచిపెట్టారన్న మాట రాకుండా కాపాడుతుంది.

ఉత్తర్వు వచ్చాక చేయాల్సినది చిన్న పనే, అయినా చాలామంది చేయనిది. ఊళ్లో అయితే ఎంపీడీవోకు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనర్‌కు ఒక అర్జీ రాయాలి. ఫలానా తేదీ నుంచి తనకు కుటుంబ పింఛను మంజూరైందని, ఆసరా నిలిపివేయమని అందులో చెప్పాలి. ఆసరా ఐడీ నంబరు, ఆధార్, పీపీవో నకలు జతచేయాలి. ముఖ్యంగా, ఆ అర్జీ రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. పంచాయతీ కార్యదర్శికి నోటితో చెప్పడం చెప్పడం కాదు. ఆయన బదిలీ అయిపోతాడు, మాట గాలికి పోతుంది. అర్జీ ఇచ్చాక కూడా ఒకటి రెండు నెలలు సొమ్ము పడొచ్చు. పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తీసుకునేవారు తీసుకోకుండా ఉండాలి. బ్యాంకులో పడితే ముట్టుకోకుండా, ఆ సంగతి మరో కాగితం రాసి ఇవ్వాలి.

నోటీసు వచ్చేసినవారు ముందుగా అడగాల్సినవి రెండు: ఏ నెల నుంచి ఏ నెల దాకా లెక్కకట్టారు, కుటుంబ పింఛను ఏ తేదీ నుంచి మొదలైనట్టు పట్టుకున్నారు. ఈ రెండు తేదీల్లో తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. ఆ తరవాత పరిస్థితి వివరించి మాఫీ గానీ వాయిదాలు గానీ కోరవచ్చు. ఇక్కడ కొందరు 2014 డిసెంబరు నాటి రఫీక్ మసీహ్ తీర్పును ముందుకు తెస్తారు. ఉద్యోగి తప్పు లేకుండా ఎక్కువ చెల్లించిన మొత్తాన్ని రిటైరైనవారి నుంచి, కింది తరగతి ఉద్యోగుల నుంచి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అది జీతభత్యాల, సర్వీసు చెల్లింపుల గురించి. సామాజిక పింఛనుకు అది నేరుగా వర్తిస్తుందనుకుని ధీమాగా కూర్చోవడం మంచిది కాదు. అర్జీలో ప్రస్తావించడానికి మాత్రం పనికొస్తుంది.

పింఛను తగ్గిందని అనిపించే సందర్భాలు

ఆసరా వల్లనే సర్కారు పింఛను కోశారని ఊళ్లో ఎవరైనా అంటే, అసలు కారణం దాదాపు ఎప్పుడూ వేరేది. మొదటిది కమ్యుటేషన్. రిటైరయ్యేటప్పుడు పింఛనులో 40 శాతం దాకా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకుంటే, ఆ మేరకు నెల పింఛను 15 ఏళ్లు తగ్గి వస్తుంది. పదిహేనేళ్లయ్యాక తిరిగి పూర్తిగా రావాలి. రాకపోతే ట్రెజరీలో అడగాలి.

రెండోది వితంతువులను నిజంగా బెదరగొట్టేది. కుటుంబ పింఛను మొదట హెచ్చు రేటులో, చివరి జీతంలో సగం దాకా ఉంటుంది. ఏడేళ్లు గానీ, చనిపోయిన ఉద్యోగి బతికుంటే 65 ఏళ్లు నిండే తేదీ గానీ, ఏది ముందైతే అప్పటిదాకా. ఆ తరవాత అది 30 శాతానికి దిగుతుంది. చివరి మూలవేతనం 40,000 అయితే నెలకు 20,000 వస్తున్నది ఒక నెల ఉన్నట్టుండి 12,000 అవుతుంది. అదే సమయానికి ఎవరో ఆసరా తనిఖీకి వచ్చి ఉంటే, రెండూ ముడిపెట్టి చూడడం సహజం. ముడి లేదు. ఏ తేదీ నుంచి తగ్గుతుందో పీపీవోలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం చదివించుకోవడం ఆ నెల కోసం ఆగాల్సిన పని కాదు.

ఇంకో మాట: భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే, మిగిలినవారు సొంత సర్వీసు పింఛనుతోపాటు కుటుంబ పింఛను కూడా తీసుకోవచ్చు. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ట్రెజరీ పింఛనుకు ట్రెజరీ పింఛను అడ్డు కాదు, ఆసరాకే ట్రెజరీ పింఛను అడ్డు.

ఈపీఎస్ అనే మూడో రకం

కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఈ లెక్క ఇంకోలా తిరుగుతుంది. ఇక్కడ బీడీ కార్ఖానాల ఆడవాళ్లకు పీఎఫ్ ఉంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, 2015 డిసెంబరులో అది మూతపడ్డాక ఇంటికొచ్చిన కార్మికులకు ఉంది. ఆర్టీసీ డ్రైవర్లకు, కండక్టర్లకు ఉంది. వీరందరికీ 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం, ఈపీఎస్, వర్తిస్తుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛను. సూత్రం సులువు: పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 20 ఏళ్లు నిండినవారి సర్వీసుకు రెండేళ్లు కలుపుతారు కనుక, జీతం 6,000, సర్వీసు 20 ఏళ్లయితే నెలకు 1,886 రూపాయలు. జీతానికి 15,000 పరిమితి ఉంది కనుక 35 ఏళ్లు చేసినా 8,000 దాటడం కష్టం. 2014 సెప్టెంబరు నుంచి కనీసం 1,000. కరువు సహాయం లేదు, ఒకసారి తేలిన మొత్తం చచ్చేదాకా అంతే.

సిరిసిల్ల సాంచాల మీద పనిచేసేవారిలో చాలామందికి ఈపాటి కూడా లేదు, పీఎఫ్ ఖాతాయే ఉండదు. వారికి వయసు మళ్లాక మిగిలేది నేతన్న పింఛను ఒక్కటే. పక్కపక్క ఊళ్లలో, ఒకే ఇంట్లో కూడా, బీడీ చుట్టిన ఆమెకు పీఎఫ్ ఉండి సాంచా నడిపిన ఆయనకు లేకపోవడం ఇక్కడి విచిత్రం.

ఈపీఎస్ వస్తుంటే ఆసరా రాదా? జీవో మాట ప్రభుత్వ పింఛను గురించి. ఈపీఎస్ ట్రెజరీ నుంచి రాదు. కార్మికుడు, యజమాని కట్టిన భవిష్యనిధి లెక్కలో, యజమాని వాటా నుంచి 8.33 శాతం, కేంద్రం కలిపే 1.16 శాతంతో నిలిచే నిధి నుంచి వస్తుంది. బీడీ పింఛనుకైతే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నమోదు ఉండడమే అర్హత. పీఎఫ్ ఉన్నందుకు ఇచ్చే పింఛనును, పీఎఫ్ ఉన్నందుకే తీసేయడం అర్థంలేని పని. అయితే ఈపీఎస్ సొమ్ము ఇంటి ఆదాయంలో కలుస్తుంది, తనిఖీకి వచ్చిన అధికారి పింఛను అన్న మాట వినగానే కొట్టేయడమూ జరగవచ్చు. అలా జరిగితే నోటి సమాధానంతో వెనక్కి రాకుండా, ఏ నిబంధన కింద తిరస్కరించారో రాసివ్వమని అడగాలి. కరీంనగర్ పీఎఫ్ కార్యాలయం ఇచ్చిన ఈపీఎస్ ఉత్తర్వు నకలు పెడితే, అది ట్రెజరీ పింఛను కాదని వెంటనే తేలుతుంది.

2004 సెప్టెంబరు 1న గానీ ఆ తరవాత గానీ సర్కారు నౌకరిలో చేరినవారి కథ వేరు. వారికి పాత పింఛను లేదు, కంట్రిబ్యూటరీ పింఛను పథకం, సీపీఎస్, ఉంది. జీతంలో పది శాతం, ప్రభుత్వం పది శాతం వేసిన నిధిలో కనీసం 40 శాతంతో బీమా సంస్థ దగ్గర నెలసరి చెల్లింపు కొనుక్కోవాలి. ఆలస్యంగా చేరి పదేళ్లలో దిగిపోయినవారికి అది రెండు మూడు వేలు కూడా మించకపోవచ్చు. ఆసరా జాబితా రాసిన నాడు ఇలాంటి రిటైరీలు లెక్కలోనే లేరు. సీపీఎస్ ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే మాత్రం 2021 ఉత్తర్వులతో కుటుంబానికి పాత పద్ధతి కుటుంబ పింఛను దొరుకుతోంది. అది ట్రెజరీ పింఛనే. ఆసరాతో కలవదు.

ఇతర పథకాల్లో అడ్డు ఇంత మొండిగా ఉండదు. పీఎం కిసాన్‌లో నెలకు 10,000 లేదా ఆపైన పింఛను వచ్చేవారినే తీసేస్తారు. నాలుగో తరగతి ఉద్యోగులుగా దిగిపోయిన వారికి ఆ అడ్డు కూడా లేదు. ఆసరాలోనూ ఇలాంటి గీత ఒకటి ఉంటే 9,500 వచ్చే వితంతువును, యాభై వేలు వచ్చే రిటైర్డు అధికారిని ఒకే గాటన కట్టే పరిస్థితి ఉండేది కాదు.

బయటి దేశాల్లో రెండు పింఛన్లను కలిపి లెక్కకట్టి ఒకదాన్ని తగ్గించే పద్ధతులున్నాయి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీకి చందా కట్టని ఉద్యోగం నుంచి పింఛను వస్తే, సోషల్ సెక్యూరిటీ మొత్తాన్ని తగ్గించే రెండు నిబంధనలు దశాబ్దాల పాటు నడిచాయి. 2025 జనవరి 5న సంతకమైన చట్టంతో అవి రద్దయ్యాయి, 2024 జనవరి నుంచి వర్తించేలా. ఇక్కడ సర్కారు నౌకరి చేసి, ఇండియా పింఛను తీసుకుంటూ, పిల్లల దగ్గరికెళ్లి అక్కడ కూడా కొన్నేళ్లు పనిచేసినవారికి ఇది అక్కరకొచ్చే సంగతి. విదేశీ పింఛను ఉన్నా ఆ రెంటిలో ఒక నిబంధన కింద సోషల్ సెక్యూరిటీలో కోత పడేది. ఇప్పుడు లేదు.

మిగిలింది ఏటేటా బతికున్నామని చెప్పుకోవడం. ట్రెజరీ పింఛనుదారులు, కుటుంబ పింఛనుదారులు జనవరి నుంచి మార్చి లోపు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ట్రెజరీకి వెళ్లలేనివారు టీ యాప్ ఫోలియో అనే సర్కారు యాప్‌లో ఫోన్‌తో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వవచ్చు. ఈపీఎస్ వారిది ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది, ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు. ఒకచోట ఇచ్చింది ఇంకోచోటికి పోదు. సొంత ఈపీఎస్, భర్త తాలూకు కుటుంబ పింఛను రెండూ ఉన్న బీడీ కార్మికురాలు రెండూ వేరువేరుగా ఇవ్వాలి. మార్చి దాటినా ఇవ్వకపోతే ట్రెజరీ పింఛను నిలిచిపోతుంది. ఇచ్చాక ఆగిన నెలలతో కలిపి తిరిగి వస్తుంది.